గ్రహశకలము – గ్రహభయము



గత మాఘమాసమున మా కార్యాలయమునకు ఒక రైతు తన కుమార్తెను వెంటబెట్టుకొని వచ్చెను. తిరువూరునకు కొంత దూరమున నున్న పల్లె వారిది. రెండెకరముల మామిడితోట వారి జీవనాధారము. పిల్లకు సంబంధము కుదిరినది. తాంబూలములు పుచ్చుకొనుటకు ముందు మగపెండ్లివారు జాతకము చూపించిరి. లగ్నమునుండి ఎనిమిదవ యింట కుజుడున్నాడని తేలినది. వారు సంబంధము విడువలేదు గాని, దోషమున్న పిల్లను చేసికొనుచున్నందుకు మరికొంత కట్నము ఇయ్యవలెననియు, అదిగాక శాంతి జరిపింపవలెననియు కోరిరి. రైతు తోటను తనఖా పెట్టుటకు నిశ్చయించుకొని, పత్రము వ్రాసి యిమ్మని మమ్ము వేడెను.

మేము పత్రము వ్రాసితిమి. రుసుము పుచ్చుకొంటిమి. కట్నము ఇచ్చుటయు పుచ్చుకొనుటయు 1961 నాటి చట్టముచేత నేరములని ఎరిగియు, గ్రహదోషము వట్టి భయమని ఎన్నియో సభలలో పలికియు, ఆనాడు ఒక్క మాటయైన నోట రానీయలేదు. వారు లేచి పోవునపుడు, అంతవరకు గుమ్మమువద్ద తల వంచుకొని నిలిచియున్న ఆ పిల్ల మావంక చూచి, "బాబుగారూ, ఆ కుజుడికి నేనెవరో తెలుసునా?" అని అడిగెను. తండ్రి ఆమెను గదిమెను. మేము ఉత్తరము చెప్పలేక కాగితములు సర్దుకొంటిమి.

ఆనాడు చెప్పని యుత్తరమును నేడు మీ యెదుట చెప్పుటకు నిలిచితిమి. మా వృత్తిలో ఒకనిమీద నేరము మోపబడినపుడు వాని పొరుగువారిని సాక్ష్యమునకు పిలుచుట కద్దు. కుజునిమీద మోపబడిన నేరమును విచారించుటకు, కుజునికి ఆవలి పొరుగున తిరుగాడు ఒక చిన్న రాతిముద్దను సాక్షిగా పిలుచుచున్నాము. దాని పేరు ఆసియా. అది యొక గ్రహశకలము.

గ్రహశకలము లనగా నేమి? సూర్యుని చుట్టు తిరుగుచు, గ్రహములని పిలువదగినంత పెద్దవి కాని, రాతితోను లోహముతోను కూడిన పిండములు. కుజునికిని గురునికిని నడుమ మిక్కిలి విశాలమైన ఖాళీస్థలమున్నది. సూర్యునినుండి కుజుడు సుమారు 23 కోట్ల కిలోమీటర్ల దూరమునను, గురుడు సుమారు 78 కోట్ల కిలోమీటర్ల దూరమునను తిరుగుచున్నారు. ఈ నడిమి చోట ఏదియో గ్రహ ముండవలెనని జ్యోతిశ్శాస్త్రజ్ఞులు చాలకాలము ఊహించిరి. 1801వ సంవత్సరము జనవరి 1వ తేదీ రాత్రి సిసిలీ ద్వీపమందలి పలెర్మో నగరమున పియాజీ యను మతాచార్యుడు అచ్చట ఒక చిన్న వెలుగును కనిపెట్టెను. దానికి సెరెస్ అని పేరిడిరి. కొలది వారములకే అది సూర్యకాంతిలో మరుగుపడి కానరాకపోయెను. అప్పుడు గౌస్ అను యువ గణితవేత్త, పియాజీ వ్రాసియుంచిన కొలది కొలతలనుబట్టియే దాని త్రోవను లెక్కించి, అది మరల ఎచ్చట కనబడవలెనో చెప్పెను. ఆ యేటి కడపటి దినమున, లెక్క చెప్పిన చోటికి దగ్గరనే అది కనబడెను. కంటికి మరుగైన దానిని గణితము తిరిగి తెచ్చి చూపినది!

ఈ సెరెస్ అడ్డుకొలత సుమారు 940 కిలోమీటర్లు. ఆ నడిమి చోట నున్నవానిలో అదియే పెద్దది. నేటికి కనిపెట్టి త్రోవలు నిర్ణయించిన శకలములు పది లక్షలకు మించినవి. అయినను ఆ నడిమి చోటనున్న శకలముల నన్నిటిని కలిపి ఒక ముద్ద చేసినను, మన చంద్రుని బరువులో నూటికి మూడు నాలుగు పాళ్లకంటె ఎక్కువ కాదు.

ఇక మన సాక్షి మాట. 1861వ సంవత్సరము ఏప్రిల్ 17వ తేదీ రాత్రి చెన్నపట్టణమందలి వేధశాలలో నార్మన్ పాగ్సన్ అను జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు దూరదర్శినితో ఆకాశమును పరిశీలించుచుండగా, పటమునందు లేని చుక్క యొకటి అతని కంటబడెను. నక్షత్రములన్నియు తమ తమ స్థానములలో నిలిచియుండగా ఇది మాత్రము రాత్రి రాత్రికి కొంత కొంత జరుగుచుండెను. ఆసియాఖండమునుండి కనిపెట్టబడిన మొదటి గ్రహశకల మగుటచేత దానికి ఆసియా అనియే పేరు పెట్టిరి. లెక్కలో అది 67వది. ఆ తరువాత ఆ వేధశాలనుండియే పాగ్సన్ 1864లో సాఫో, 1866లో సిల్వియా, 1868లో కమిలా, 1885లో వీరా అను మరి నాలుగింటిని కనిపెట్టెను.

ఆసియా లక్షణములను వినుడు. దాని అడ్డుకొలత సుమారు 60 కిలోమీటర్లు. అనగా మన తిరువూరినుండి బెజవాడకు పోవు బాటకంటె తక్కువ. అది రాతి జాతికి చెందినది. దానికి స్వయంప్రకాశము లేదు. సూర్యుని వెలుగునే మనకు పంపుచున్నది. దూరదర్శిని లేని కంటికి అది కానరాదు. సూర్యునినుండి దాని సగటు దూరము సుమారు 36 కోట్ల కిలోమీటర్లు. దాని త్రోవ అండాకారము. ఒకప్పుడు 30 కోట్లకు లోపుగా సూర్యుని సమీపించును, ఒకప్పుడు సుమారు 43 కోట్ల దూరమునకు పోవును. తన చుట్టు తాను తిరుగుటకు దానికి దాదాపు 16 గంటలు పట్టును. సూర్యుని ఒకసారి చుట్టివచ్చుటకు మూడు సంవత్సరముల తొమ్మిది నెలలు. మనుష్యుడు దానిని చూచిననాటినుండి నేటివరకు అది నలుబదికి పైగా ప్రదక్షిణములు చేసినది. ఒక్క ప్రదక్షిణమునకైన ఆలస్యముగా రాలేదు. ఒక్కదానికైన ముందుగా రాలేదు.

ఇట్లేల జరుగుచున్నది? దూరము హెచ్చినకొలది ప్రదక్షిణకాలము హెచ్చవలెనని కెప్లర్ కనిపెట్టిన నియమమొకటి కలదు. భూమికి ఒక సంవత్సరము, కుజునికి 687 దినములు, ఆసియాకు మూడేండ్ల తొమ్మిది నెలలు, గురునికి సుమారు పండ్రెండేండ్లు – ఇవి యన్నియు ఆ యొక్క నియమమునకు లోబడిన లెక్కలు. మహాగ్రహమైన గురునికి ఒక చట్టము, అనామకమైన రాతికి ఒక చట్టము లేదు. ధనికునికొకటి, దరిద్రునికొకటి లేని న్యాయస్థానమును భూమిమీద మేము ఇంకను చూడలేదు. ఆకాశమున మాత్రము అది అనాదిగా నడచుచున్నది.

ఇప్పుడు సాక్షిని ప్రశ్నింతము. మన తాతముత్తాతల జననకాలముల యందెల్ల ఈ ఆసియా మన తలలమీదుగా పోవుచునే యుండెను. ఏ జాతకమునందైన దానికి ఇల్లు కలదా? ఏ సిద్ధాంతిగారైన దానికి శాంతి చెప్పిరా? లేదు. అది యెవ్వరి పెండ్లిని చెడగొట్టినది? ఎవ్వరిని విధవను జేసినది? ఎవ్వరు నెరుగనంతకాలము ఎవ్వరును భయపడలేదు; భయపడనందువలన ఎవ్వరికిని కీడు కలుగలేదు. కుజుడును దీనివంటి రాతిపిండమే, పెద్దది గనుక కంటికి కనబడినది, ఎఱ్ఱగా కనబడినది. ఆ యెఱ్ఱదనము అచ్చటి మన్నులోని ఇనుప త్రుప్పు రంగు. నేడు ఆ మన్నుమీద మనుష్యులు పంపిన చక్రముల బండ్లు తిరిగినవి; మన దేశము పంపిన మంగళయానము 2014వ సంవత్సరమున దాని చుట్టు తిరుగ నారంభించెను. త్రుప్పు పట్టిన మన్నుకు ఒక రైతుబిడ్డపై పగ యేల యుండును?

"చిన్న శకలములకు ప్రభావము లేదు, నవగ్రహములకే కలదు" అని కొందరందురు. మంచిది. ఆ తొమ్మిదిలో రాహుకేతువులు పిండములే కావు. చంద్రుని త్రోవయు సూర్యుని త్రోవయు ఖండించుకొను రెండు స్థానములు మాత్రమే. అరువది కిలోమీటర్ల రాయి ఏమియు చేయజాలనిచో, రాయియు లేని శూన్యస్థానము ఎట్లు చేయును?

"కుజదోష మున్నవారికి కష్టములు కలుగుట మేము చూచితిమి" అని మరికొందరందురు. దోషమనగా నేమో లెక్కించి చూతము. లగ్నమునుండి రెండు, నాలుగు, ఏడు, ఎనిమిది, పండ్రెండు ఇండ్లలో కుజుడున్నచో దోషమని సామాన్యముగా చెప్పుదురు. ఇండ్లు పండ్రెండు, దోషపుటిండ్లు ఐదు. లగ్నము సుమారు రెండు గంటల కొకసారి మారును. కావున దినమునకు ఇరువదినాలుగు గంటలలో సుమారు పది గంటలపాటు పుట్టు శిశువులందరును దోషులే! చంద్రునినుండియు శుక్రునినుండియు కూడ లెక్కించినచో మిగిలినవారిలో పెక్కుమంది దొరకుదురు. పండ్రెండుగురిలో ఐదుగురిని అపరాధులనెడి చట్టమును ఏ రాజ్యమైన చేయునా? చేసి, అట్లయినచో పెండ్లిండ్లే జరుగవని గ్రహించి, మరల పరిహారములు కల్పించి, ఆ పరిహారములకు వెల కట్టునా? ఇంతమందిని చేర్చిన పట్టికలో కష్టపడినవారు కొందరు కనబడుటలో వింతయేమి? దోషము లేదన్న ఇండ్లలో కన్నీరు లేదా? సుఖముగా కాపురము చేసికొనుచున్న దోషజాతకులను ఎవరైన లెక్కబెట్టిరా? ఒక పక్షపు సాక్షులనే విని తీర్పు చెప్పుట న్యాయము కాదు.

ఇట్లనుటచేత మన పూర్వులను తక్కువచేయుచున్నామని తలపకుడు. వారు యంత్రములు లేక, ఉత్త కంటితో, ఆకాశమును తరతరములు కనిపెట్టి చూచి గణితము నిర్మించినవారు. 499వ సంవత్సరమునాటికే ఆర్యభటుడు భూమి తన చుట్టు తాను తిరుగుచున్నదని వ్రాసెను. ఆ గణితము మనకు నమస్కరింపదగిన పిత్రార్జితము. భయమును అమ్ముకొను ఫలభాగము ఆ యాస్తిమీద పడిన అప్పు. ఆస్తిని నిలుపుకొని అప్పును తీర్చుకొనుట వారసుల ధర్మము.

ఈ ధర్మమును ఎరిగిన మనవారు లేకపోలేదు. పాగ్సన్ కాలమున ఆ చెన్నపట్టణపు వేధశాలలోనే చింతామణి రఘునాథాచార్యులు ప్రథమ సహాయకుడుగా పనిచేసెను. 1867లో ఆయన కాంతి హెచ్చుతగ్గులగు ఒక నక్షత్రమును కనిపెట్టెను. 1868వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీ సంపూర్ణ సూర్యగ్రహణము మన తెలుగుదేశము మీదుగా పోయినది. ఆసియాను కనిపెట్టిన పాగ్సన్ ఆనాడు దానిని పరిశీలించుటకు వచ్చి నిలిచినది ఎచ్చటనో ఎరుగుదురా? 2022 వరకు మా జిల్లాకు ముఖ్యపట్టణమై యుండిన మచిలీపట్టణముననే! రఘునాథాచార్యులు మరియొక బృందమునకు నాయకుడై వనపర్తికి పోయెను. గ్రహణవేళ జనులు తలుపులు మూసికొని భయపడుచుండిన ఆ కాలమున వీరు తలుపులు తెరచి నిలిచిరి. వారికి కీడు జరుగలేదు. లోకమునకు మేలు జరిగినది. ఆ గ్రహణమునాటి సూర్యకాంతిలో కనబడిన పసుపుపచ్చని గీతయే పిమ్మట హీలియమను వాయువును తెలిసికొనుటకు దారి తీసెను. రఘునాథాచార్యులు 1874 నాటి శుక్రసంక్రమణమును సామాన్యులకు బోధించుటకు దేశభాషలలో చిన్న పుస్తకములు ప్రకటించెను; పంచాంగములు ఆకాశమున కనబడు దానితో సరిపోవలెనని వాదించెను. సంప్రదాయమును ప్రేమించువాడే దానిని సవరింప సాహసించును.

నిజమైన విద్యకు మరియొక గుర్తు కలదు: అది తన లెక్కను తానే దిద్దుకొనును. 1866లో పాగ్సన్ కు ఒక్క చుక్కగా కనబడిన సిల్వియాకు రెండు చిన్న చంద్రులున్నట్లు ఇటీవల తెలిసినది. ఒకటి 2001లోను, రెండవది 2004లో తీసిన చిత్రములలోను దొరకినవి. రెండు చంద్రులు గల గ్రహశకలము తెలియవచ్చుట అదియే మొదటిసారి. నేర్చువానికి ఒక చుక్క మూడైనది. జాతకమున మాత్రము తొమ్మిది తొమ్మిదిగానే నిలిచినవి.

"అయినచో ఆకాశమునుండి అపాయమే లేదా?" అని మీరడుగవచ్చును. కలదు, దాచి చెప్పుట సత్యము కాదు. కొన్ని శకలములు భూమి త్రోవకు దగ్గరగా వచ్చును. 2004వ సంవత్సరము జూన్ నెలలో అపోఫిస్ అను శకలము కనిపెట్టబడెను. దాని కొలత మూడు నాలుగువందల మీటర్లు. ఆ డిసెంబరులో లెక్కించినపుడు, 2029వ సంవత్సరము ఏప్రిల్ 13వ తేదీని అది భూమిని తాకుటకు నూటికి రెండు మూడు పాళ్ల అవకాశమున్నట్లు తేలినది. ఇది యూహించిన దోషము కాదు, నిజమైన యపాయపు శంక. దానికి జ్ఞానులు చేసిన శాంతి యేది? పాత చిత్రములను వెదకిరి. దానిని కనిపెట్టుటకు ముందే, ఆ మార్చి నెలలో తీసిన చిత్రములలో అది యెవ్వరి కంటను పడక నిలిచియుండెను. ఆ పాత దస్తావేజును చేర్చి మరల లెక్కింపగా 2029 నాటి భయము కొలది దినములలోనే తొలగిపోయెను. 2021 నాటి కొలతలతో, కనీసము నూరేండ్లవరకు దానివలన భయము లేదని తేలినది. ఆ 2029 ఏప్రిల్ 13వ తేదీని అది భూమికి సుమారు 32,000 కిలోమీటర్ల దూరమున దాటిపోవును. కొన్ని దేశములవారు దానిని ఉత్త కంటితోనే చూడగలరట. అంతియేగాక, 2022వ సంవత్సరము సెప్టెంబరు 26వ తేదీని అమెరికావారు డైమార్ఫస్ అను చిన్న శకలమును ఒక నౌకతో తాకించి, అది తన పెద్దశకలమును చుట్టివచ్చు కాలమును సుమారు అరగంట తగ్గించిరి. నిజమైన యపాయమునకు మందు జ్ఞానము, శ్రమ. లేని యపాయమునకు మందు దానిని లేదనుటయే.

సోదరులారా! దేవుని మహిమ తెలియవలెనన్న, నియమము తప్పని ఈ రాతిముద్దను తలపుడు. దానికి ప్రార్థించు నోరు లేదు; పూజించు చేతులు లేవు; దాని పేరైన ఒకటిన్నర శతాబ్దమునుండియే మనమెరుగుదుము. అయినను అనంతాకాశమున అది త్రోవ తప్పక కాపాడబడుచున్నది. ఇంతటి నియమమును స్థాపించిన ప్రభువు, తన బిడ్డ యొకతె ఏ గంటకు పుట్టినదో చూచి ఆమెపై ఒక గ్రహమును ఉసికొల్పునని నమ్ముట ఆయనను నిందించుట కాదా? కొంత ద్రవ్యము ముట్టగానే ఆ గ్రహము శాంతించునని నమ్ముట ఆయన రాజ్యమున లంచము చెల్లునని చెప్పుట కాదా? గ్రహములకు భయపడువాడు దేవుని నమ్మినను సగమే నమ్మినవాడు.

ఆ పిల్ల యడిగిన ప్రశ్నకు ఉత్తర మిది: "అమ్మా, కుజునికి నీవెవరో తెలియదు. ఆసియాకును తెలియదు. నిన్నెరిగినవాడు ఒక్కడే, ఆయన నీకు కీడు తలపడు."

ఈ మాట చెప్పుటకు మేము ఫాల్గుణమాసమున ఆ పల్లెకు పోయితిమి. పుచ్చుకొన్న రుసుమును తిరిగి యిచ్చితిమి. అది ప్రాయశ్చిత్తమని చెప్పుకొనము. రైతు అంతయు విని, "అయ్యా, నాకును అంత నమ్మకము లేదు. కాని పెండ్లివారు నమ్ముదురు గదా! నా నమ్మకముతో పనియేమి?" అనెను. పెండ్లి జరిగినది. తోట నేటికిని తనఖాలోనే యున్నది.

ఆయన మాట మమ్ము ఇంటివరకు వెన్నాడినది. ఆడపిల్ల తండ్రికి జ్ఞానబోధ చేసినందువలన భారము తొలగదు. అతడు నమ్మకున్నను చెల్లింపక తప్పదు. భారము తొలగింపగలవారు మగపిల్లల తల్లిదండ్రులు. ఈ సభలో నున్న పదిమంది మగపిల్లల తల్లిదండ్రులు "జాతకము అడుగము, చూడము" అని నిశ్చయించుకొన్నచో, పది ఇండ్ల ఆడపిల్లలు గుమ్మముల యొద్ద తల వంచుకొని నిలువ నక్కరలేదు. మాకును ఎదుగుచున్న కుమారుడున్నాడు. మా యింట ఆ కాగితము అడుగబడదని మీ యెదుట మాట యిచ్చుచున్నాము. ఇక మీదట ఇటువంటి పత్రము వ్రాయుమని ఎవరైన వచ్చినచో, కలము పట్టకముందే నోరు తెరచెదము.

సర్వలోకనియామకుడవగు ప్రభూ! పరమాణువును పర్వతమును ఒక్క చట్టమున నడపువాడవు నీవు. కంటికి కానరాని శకలమును సైతము త్రోవ తప్పనీయవు. భయమువలన త్రోవ తప్పిన మా హృదయములను నీ నియమమునకు మరల్పుము. తెలిసిన సత్యమును పలుకవలసిన వేళ పలుకుటకు మాకు ధైర్యమిమ్ము. మా బిడ్డలు రాత్రివేళ ఆకాశమును చూచి వెరవక, నిన్ను తలచి సంతోషింతురు గాక.